పదకొండో బోరు

ఉల్లిపాయ ముక్క కాస్త ఘాటుగానే ఉంది, కళ్ళలో నీళ్ళు తిరిగితే ఉల్లిపాయ మీదికి నెట్టేయొచ్చు, ఇంతకంటే మంచి వంక ఈ పొలంలో నాకు దొరకదు, చోడి అంబలి మాత్రం చల్లగా దిగిపోతోంది, అప్పలసూరి నా ఎదురుగా గొంతుక్కూర్చుని చెంబు ఒంపడానికి సిద్ధంగా పట్టుకున్నాడు, తాగండి బాబూ ఇంకా ఉన్నాది, మీకోసమని రాతిరే కాసి ఉంచినాది మా ఇంటిది, అంటున్నాడు, వెనకాల పంపు దడదడలాడుతోంది, త్రినాథ్ డ్రమ్ములో సిమెంటు పాలు కలుపుతూ తొమ్మిదో బస్తా సార్ అని అరిచాడు, తొమ్మిది అంటే ఇంకా ఏడు, పదహారు పడితే గానీ నాలుగు వందల యాభై అడుగుల బోరు నిండదు, గొట్టం అడుగు దాకా దించి అక్కణ్ణించి పైకి నింపుకుంటూ రావాలి, సిమెంటు కిందనుంచి లేస్తూ లోపలి నీళ్ళని బయటికి తోసెయ్యాలి, అలా కాకుండా పైనుంచి ఒంపేశామా, మధ్యలో ఎక్కడో ఇరుక్కుని గడ్డకట్టేస్తుంది, చూడ్డానికి నిండినట్టే ఉంటుంది, కింద అంతా బోలు, త్రినాథ్‌కి ఈ పాఠం చెప్పింది నేనే, మొన్న అతను కొత్తగా వచ్చిన కూలీలకి అదే పాఠం నా మాటల్లోనే అప్పజెబుతుంటే విని పడాల్సిన గర్వమంతా పడ్డాను, పడి, పదకొండో నంబరు బోరు వైపు తల తిప్పకుండా జీపెక్కాను.

ఇవాళ్టిది ఇరవై రెండోది, ఆఖరిది, ఆరేళ్ళ కిందట గజపతినగరం అవతల ఈ కొండకింది ఊరికి మాంగనీసు వెతుక్కుంటూ వచ్చి ఇరవై రెండు బోర్లు వేశాం, లోపలి రాయిని కడ్డీలు కడ్డీలుగా పైకి తీసి పెట్టెల్లో పేర్చి పంపాం, ఎక్కడో చల్లటి గదిలో ఎవరో చూసి గిట్టుబాటు కాదన్నారు, అంతే, గని రాలేదు, ఇన్నాళ్ళకి బోర్లన్నీ మూసి, పైన నాగలి తగలనంత లోతు వరకు గొట్టాలు కోసేసి, మట్టి కప్పి, రైతుల భూమి రైతులకి అప్పగించమని ఉత్తర్వు వచ్చింది, మూతలు పెట్టి వదిలేసినవి పద్దెనిమిది, అప్పుడే మూసేసినవి నాలుగు, ఆ నాలుగింట్లో ఒకటి పదకొండు, అప్పలసూరి మడిలో ఉంది, అతని నూతికి నలభై అంగల్లో, దాని కాయితం మీద అడుగునుంచి పైదాకా సిమెంటుతో మూయడమైనది, బస్తాలు పదహారు, అని ముత్యాల్లాంటి అక్షరాలు, కింద జయకృష్ణ అని ఇంకా ముచ్చటైన సంతకం, నా దస్తూరీ బాగుంటుందని బళ్ళో నా చేతే చార్టులు రాయించేవారు, అబద్ధం కూడా నా చేతుల్లో అందంగానే వచ్చింది. మధ్యాహ్నం లారీ వస్తుంది, పంపూ గొట్టాలూ మిగిలిన సిమెంటూ ఎక్కించుకుని పోతుంది, ఇరవై రెండూ మూశామని నేను ఇంకో సంతకం పెడతాను, ఆ తరవాత ఈ భూమిలో నేను చేసిందేమిటో తవ్వి చూసేవాడు ఉండడు.

బాబూ మరి పదకొండు గంటలకి తవరు రావాలి, అన్నాడు అప్పలసూరి, పదకొండు అనేసరికి అంబలి పొలమారింది, మెల్లిగా బాబూ మెల్లిగా, అని నా నెత్తిమీద తట్టాడు, సొంత మనిషిని తట్టినట్టు, పదకొండు గంటలకి రామమందిరం అరుగు మీద పెద్దలు కూకుంతారు, ఆడూ వస్తాడు, తవరు ఒక్క మాట సెప్పాలి, భూమిలో నీళ్ళు ఎటు పోతాయో తవరికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తాది, కూర్మయ్య బోరే మా నుయ్యిని తాగేసినాదని సెప్పండి, పెద్దలు ఆ బోరు మూసేయమంతారు, తవరికాడ పంపున్నాది, సిమెంటు మిగిలున్నాది, ఆ సేత్తోనే దాన్నీ మూసేసి ఎల్లిపోండి, ఈ ఇరవై రెండింటితో పాటు ఇరవై మూడోది అనుకోండి. కూర్మయ్య అతని సొంత తమ్ముడు, ఒక తల్లి బిడ్డలు, పక్కపక్క మడులు, ఆ బోరు కిందే కూర్మయ్య మొక్కజొన్న, వంగ, బెండ, ఇల్లంతా దాని మీదే బతుకుతోంది, అది మూయమని నేను చెప్పాలట, నా సిమెంటుతో నేనే మూయాలట, తప్పకుండా వస్తాను అన్నాను, ఏం చెయ్యను, నా నాలుక నన్నడిగి కదలదు.

ఆషాఢం అది, ఆరేళ్ళ కిందటి ఆషాఢం, పదకొండో బోరు పూర్తయిన రోజు ఆకాశం కొండమీదికి దిగిపోయింది, అప్పలసూరి ఆకుమడి మోకాలెత్తు పచ్చగా ఉంది, అతను మోకాటి మీద చెయ్యి పెట్టుకుని ఆకాశం చూసి, ఎల్లుండి ఉభాలు, అదే నాట్లు, మొదలెట్టేస్తాం బాబూ, దమ్ము పట్టేస్తే మీ బండి ఇక్కడే దిగబడిపోద్ది, కార్తీకం దాకా ఇక్కడే కాపరం సెయ్యాలి, మాకేం పరవాలేదు గాని మీ కంపినీవోళ్ళు ఊరుకుంతారేటి, అని నవ్వాడు, ఊరుకోలేదు, ఫోన్ల మీద ఫోన్లు, రిగ్గు రేపటికల్లా రోడ్డెక్కాలి, లోపలి గొట్టాలు ఊడబీకేశాం, సిమెంటు నింపే పని ఒకటి మిగిలింది, దానికి పూట పడుతుంది, పంపు మొరాయించింది, చినుకులు మొదలయ్యాయి, నేనే అన్నాను, ఎవరో అన్నారనడానికి లేదు, నేనే, గోనెసంచులు మూడు కుక్కండి, పదిహేనడుగుల్లో ఆగిపోతాయి, దానిమీద కాస్త రాతిముక్కలు, పైన రెండు బస్తాలు పొయ్యండి చాలు, ఎవడు చూడొచ్చాడు, అన్నాను, కింద నాలుగు వందల ముప్ఫై అయిదు అడుగుల బొక్క నోరు మూసుకున్న దొంగలా అలాగే ఉండిపోయింది, ఆ సాయంత్రం రోడ్డు మీద టీ తాగుతూ హమ్మయ్య అనుకున్నాను, అంత మంచి టీ మళ్ళీ తాగలేదు.

మిగిలిన పద్నాలుగు బస్తాలు ఏం చెయ్యాలో అప్పలసూరే చెప్పాడు, అక్కడే తడిసి రాయి అయిపోయేవి, బాబూ పారేసేదుంటే నాకు పారేయండి, మా నూతికి గట్టు లేదు, వానొస్తే గట్టంతా జారుడు, ఆడది కాలు జారితే ఏటి గతి, అన్నాడు, ఎంత తేలిగ్గా ఇచ్చేశానో, దాతృత్వం కూడా ఉచితంగా వచ్చేసరికి ఛాతీ రెండంగుళాలు పెరిగింది, నలుగురం పట్టి బస్తాలు గట్టున వేశాం, ఆ కార్తీకంలో అతను ఫోను చేశాడు, గట్టు కట్టేసినాం బాబూ, మా బుజ్జమ్మ పసుపూ కుంకం ఎట్టినాది, పచ్చిగా ఉన్నప్పుడే మీ పేరు రాయించినాం, అన్నాడు, నిజంగానే రాయించాడు, జయకృష్ణ బాబు దయ, అని, పుల్లతో గీసిన అక్షరాలు, ఈసారి వచ్చినప్పుడు చూశాను, ఇరవై రోజులయింది చూసి, ఆ రోజు నుంచి రాత్రులు సరిగ్గా నిద్ర లేదు, ఆ నూతిలో నీళ్ళు దిగిపోకుండా ఆపాల్సిన సిమెంటు ఆ నూతి గట్టయి కూర్చుంది, దాని మీద నా పేరు. మా నాన్న సీతారామారావు గారికి రాజాంలో కిరాణా కొట్టు, మేము బస్తాలు అమ్ముకుని బతికాం, మావాడు బస్తాలు భూమిలో పోసి బతుకుతున్నాడు, అని వచ్చేపోయేవాళ్ళకి చెప్పి నవ్వేవారు, భూమిలో పోసినా బాగుండేది నాన్నా.

తరవాత నేను తాల్చేరు వెళ్ళిపోయాను, బొగ్గు బోర్ల మీదికి, అక్కడ ఎవరూ ఎవరినీ నమ్మరు, ఒక్క బోరు మూయకుండా వదిలితే పైనీళ్ళన్నీ ఏదో ఒకనాడు కింద బొగ్గు తవ్వేవాళ్ళ నెత్తిమీదికి దిగుతాయి, అందుకని బస్తా బస్తాకీ ఒకడు పక్కన నిలబడి చూస్తాడు, వందకి పైగా మూశాను అక్కడ, ఒక్కటి కూడా తప్పు లేదు, దేవుడి మీద ఒట్టు, కింద మనుషులున్నారని తెలుసు కనక చేతులు వాటంతటవే సరిగ్గా నడిచేవి, ఇక్కడ కింద ఎవరున్నారు, రాయి, నీరు, అంతే కదా అనుకున్నాను, ఆ చైత్రంలో ఒకరోజు అప్పలసూరి ఫోను, నూతిలో నీళ్ళు అడుక్కెళిపోనాయి బాబూ, మా తాతలనాటి నుయ్యి, ఎండల్లో కూడా నిలువెత్తు ఉండేది, ఏటైనాదో తెలవట్లేదు, అని, నాకు తెలిసింది, ఆ క్షణంలోనే తెలిసింది, చెవి దగ్గర ఫోను వేడెక్కింది, పై పొరలో ఊరే నీరంతా గోనెసంచుల కింది బొక్కలోంచి లోతు రాతి పగుళ్ళలోకి దిగిపోతోందని, చిల్లు కుండలో పోసినట్టు, నేను ఏమన్నాను, చుట్టుపక్కల ఎవరైనా కొత్తగా బోరు తీశారా, అని అడిగాను.

అడిగాను, అంతే, అబద్ధం కాదు, ప్రశ్న, ప్రశ్నకి పాపమేమిటి అని ఇన్నేళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్నాను, అవతల అప్పలసూరి, మా తమ్ముడు తీసినాడు బాబూ, మొన్న మాఘంలో, అన్నాడు మెల్లిగా, అయితే చూసుకోండి మరి, అన్నాను నేను, ఆ చూసుకోండి మరి అన్న రెండు మాటలు పట్టుకుని అతను ఆ సాయంత్రమే తమ్ముడి గుమ్మం ముందుకెళ్ళి నిలబడ్డాడట, ఒరే నా నోటికాడ నీరు తాగేసినావు గదరా అన్నాడట, భూమిలో నీళ్ళు నీయీ నాయీ అని ఉంటాయేటన్నా అన్నాడట కూర్మయ్య, మాటా మాటా పెరిగి కండువాలు విసిరేసుకున్నారు, అయిదేళ్ళు, ఒకరింట్లో పెళ్ళికి ఒకరు పోలేదు, ఒకరి జ్వరానికి ఒకరు పలకలేదు, వాళ్ళ భార్యలు బుజ్జమ్మా తాయారూ సొంత అక్కాచెల్లెళ్ళు, ఒక ఇంట్లో పుట్టి ఒక ఇంటికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు, ఊరి చేతిపంపు దగ్గర వీపులు తిప్పుకుని బిందెలు నింపుకుంటున్నారు, ఇదంతా నాకు ఈసారి వచ్చాకే తెలిసింది, తాల్చేరులో నా దగ్గర చేరిన త్రినాథ్ టీ కొట్టు దగ్గర విని వచ్చి చెప్పాడు, పాపం సార్, ఆ కూర్మయ్య ఎంత పని చేశాడో చూడండి, అన్నాడు, అవును పాపం, అన్నాను.

పన్నెండో బస్తా సార్, అని అరుపు, చెయ్యి ఊపాను, అయినా కచ్చితంగా ఎవరు చెప్పగలరు, కూర్మయ్య బోరు కూడా లాగే ఉంటుంది, మోటారు పెట్టి రోజూ నాలుగైదు గంటలు తోడితే లోతు నీరు కిందికి దిగదూ, అది దిగితే పైనీరు దాని వెంట దిగదూ, ఇంత శాతం ఆ బోరు, ఇంత శాతం నా బొక్క అని విడదీసి చెప్పగలిగే మొనగాడు ఎవడు, ఆ ఏడు వానలు కూడా అంతంతమాత్రం, అన్నీ కలిసొచ్చాయి, కాదనను, నా వాటా కొంత ఉందంటాను, కొంతే, ఆ కొంతకి ఉద్యోగం పోగొట్టుకోవాలా, తప్పుడు కాయితం ఇచ్చాడని పేరు పడితే మళ్ళీ ఎవడు పిలుస్తాడు, నలభై ఆరేళ్ళ వయసులో రాజాం కొట్లో కూర్చుని పప్పులు తూయాలా, అరుగు మీద గోడమీద పిల్లిలా ఒక మాట అనేసి జారుకుంటే సరి, భూమి లోపలి సంగతి కచ్చితంగా చెప్పలేమండీ, రెండువైపులా చూడాలండీ, అని పెద్దమనిషి తరహాలో, అప్పుడు కూర్మయ్య బోరు మూయరేమో, మూస్తారేమో, నా నోటితో మాత్రం రాదు, ఈ లెక్క ఇరవై రోజులుగా చేస్తున్నాను, ఎన్నిసార్లు చేసినా నాకు లాభంగానే తేలుతుంది, అక్కడే అనుమానమొస్తుంది.

చెయ్యి కడుక్కోవాలని లేచాను, నూతికాడ చెంబులో నీళ్ళున్నాయి బాబూ అంది బుజ్జమ్మ, ఎప్పుడొచ్చిందో ఖాళీ గిన్నెల కోసం, అప్పలసూరి పంపు దగ్గరికి పోయి త్రినాథ్‌తో కబుర్లలో పడ్డాడు, నేను ఆమె వెనకే నడిచాను, పోయినేడు కోసిన గోగు మొదళ్ళు చెప్పులకి తగులుతున్నాయి, పదకొండో నంబరు ఇక్కడే ఎక్కడో, నా కాళ్ళకి తెలుసు, కళ్ళు మాత్రం చూడనంటున్నాయి, గట్టు ఎంత నున్నగా కట్టారో, మేస్త్రీ మంచివాడు, వంగి లోపలికి చూస్తే ఎక్కడో అడుగున పళ్ళెమంత నల్లటి మెరుపు, అంతే, బుజ్జమ్మ చేద తాడు చుట్ట విప్పుతూ నా మొహం చూడకుండా మాట్లాడటం మొదలుపెట్టింది, బాబూ మీరు సదూకున్నోరు, నానొకటి అడుగుతాను, ఆయనకి సెప్పకండి, ఈ ముడి సూడండి, అంది, తాడు మధ్యలో ఒక ముడి, దానికి అవతల తాడు రంగు వేరు, ఈ ముక్క మూడు మూరలుంటాది, ఆ ఏడు పుష్యంలో తాడు సాలక అతికినాం, మా తాయారే వాళ్ళింటికాడ్నుంచి తెచ్చి ఇచ్చినాది, ఇద్దరం ఈ గట్టు మీదే కూకుని ముడేసినాం, ఆళ్ళ బోరు మాఘంలో గదా తీసినారు, మరి బోరు తియ్యకముందే నీళ్ళు ఎలాగ దిగినాయి బాబూ.

పుష్యం, ఆమెకి తేదీలు అక్కర్లేదు, చేతులకి తెలుసు, ఎన్ని మూరలు లాగితే బొక్కెన నీటికి తగులుతుందో రోజుకి ఇరవై సార్లు కొలిచిన చేతులు, అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను, ఎవరడిగినారు బాబూ, అంది, మగోళ్ళు ఇద్దరూ ఈదిలో కేకలేసుకుంతన్నారు, నాను మద్దిన సెప్పబోతే నీ సెల్లెలి మీద పేమ అలాగే మాట్లాడిస్తాది అన్నాడు మా ఆయన, మరి నోరు మూసుకున్నాను, నాకు నీళ్ళు రాకపోతే పోనీ బాబూ, సేతిపంపు ఉన్నాది గదా, నా సెల్లి నన్ను అప్పా అని పిలిసి అయిదేళ్ళయినాది. ఏడవలేదు, తాడు చుట్ట చుట్టేసి గట్టు మీద పెట్టింది, పెట్టి, మీరు సెపితే ఇంటాడు బాబూ, మీ మాటంటే ఏదం ఆయనకి, అంది, వందల అడుగుల లోతు నుంచి రాయి తీసి చూసే యంత్రాలు నా దగ్గరున్నాయి, ఒక ఆడమనిషి తాడు ముడి ముందు అవన్నీ దండగ, కొంత వాటా లేదు ఏమీ లేదు, మొత్తం నాదే.

కాలవ గట్టు మీద ఎవరో గడ్డిమోపు ఎత్తుకుని పోతోంది, బుజ్జమ్మ చూడకుండానే చూసింది, ఆ నడక తెలుసు కాబోలు, గడ్డిమోపు కింద మనిషి కూడా ఒక్క అడుగు ఆగింది, ఇటు తిరగలేదు, మళ్ళీ నడిచింది, తాయారు, అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, ఇద్దరి మధ్య ఒక మడి దూరం కూడా లేదు, పిలిస్తే వినపడుతుంది, గట్టిగా కూడా పిలవక్కర్లేదు, నేను తాల్చేరులో బొగ్గు కింది మనుషుల కోసం అంత జాగ్రత్త పడ్డాను కదా, ఇక్కడ భూమి మీద, వెలుతురులో, ఎదురుగా తిరుగుతున్న మనుషులు నాకు కనపడలేదు.

సార్ లేచింది, సార్, అని త్రినాథ్ కేక, పరుగున వెళ్ళాను, బోరు మూతి దగ్గర మొదట బురదనీళ్ళు, తరవాత పలచగా తెల్లగా, తరవాత చిక్కటి బూడిదరంగు సిమెంటు మెల్లిగా పొంగి అంచు దాటి మట్టిలోకి పాకింది, ఎప్పుడు చూసినా ఇష్టమే నాకు అది, అడుగునుంచి వచ్చింది పైన కనపడటం, దాన్ని మోసం చెయ్యలేం, త్రినాథ్ పంపు ఆపాడు, ఒక్కసారి నిశ్శబ్దం అయ్యేసరికి పిట్టలు ఎన్ని అరుస్తున్నాయో తెలిసింది, పదిహేడు పట్టింది సార్, ఒకటి ఎక్కువ, ఇంకా పంతొమ్మిది మిగిలాయి, లారీకి ఎత్తించెయ్యమంటారా, అని అడిగాడు, ఆగు, అన్నాను, ఏం చెయ్యమంటారు మరి, ఆగవయ్యా బాబూ ఆగమన్నాను కదా అని కసిరాను, ఇన్నేళ్ళలో అతన్ని కసిరింది లేదు, వింతగా చూశాడు, గొట్టాలు కడగకు, పంపు విప్పకు, నేను వచ్చేదాకా ఏదీ విప్పకు, అన్నాను, ఏం నిర్ణయించుకున్నానని అన్నానో నాకే తెలియదు, అప్పలసూరి కండువా దులుపుకుని, టైమయిపోనాది బాబూ, పదండి, అన్నాడు, అతని మొహంలో పండగ కనపడుతోంది.

రామమందిరం దాకా పావుగంట నడక, అతను ముందు, నేను వెనక, అతను ఆగకుండా మాట్లాడుతున్నాడు, నాను ఆడి సెడు కోరనండి, బోరు మూసేస్తే నూతిలో నీళ్ళొస్తాయి, ఆ నీళ్ళు ఆడూ తోడుకోవచ్చు, నానేటి కాదంతానా, నాతో ఒక్క మాట, తప్పయిపోనాదన్నా అని ఒక్క మాట అననీండి, అది సాలు నాకు, అంటున్నాడు, చెయ్యని తప్పుకి ఆ ఒక్క మాట ఎలా వస్తుంది కూర్మయ్య నోట, అందుకే అయిదేళ్ళయినా రాలేదు, రాదు, అతను అనాల్సిన మాట నా నోట్లో ఉంది, నాలుక కింద, మింగుడు పడకుండా, మట్టిరోడ్డు, పేడకుప్పలు, ఒక గుమ్మంలో చోళ్ళు చెరుగుతున్న చప్పుడు, ఇప్పుడు చెప్పెయ్యి, ఇతనొక్కడికీ చెప్పెయ్యి, దారిలోనే, నలుగురిలో కాకుండా, అప్పలసూరీ, అన్నాను, ఏటి బాబూ అని వెనక్కి తిరిగాడు, ఆ మొహం చూసి, ఏం లేదు ఎండగా ఉంది అన్నాను, అయ్యో బాబూ అని తన కండువా తీసి నా తల మీద వేశాడు.

అరుగు మీద అయిదారుగురు పెద్దలు, కూర్మయ్య కింద నిలబడి ఉన్నాడు, దొంగ నిలబడ్డట్టు, అన్న కంటే సన్నగా, అన్న ముక్కే, అన్న నిలబడే తీరే, చేతులు కట్టుకుని స్తంభం వైపు చూస్తున్నాడు, అప్పలసూరి నా తల మీది కండువా తీసుకుని అరుగు మీద తన పక్కన దులిపి, ఇలగ కూకోండి బాబూ, నా పక్కన, అన్నాడు, కూర్చున్నాను, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర, పెద్దల్లో ఒకాయన నన్ను ఎవరని అడిగితే అప్పలసూరి నా భుజం మీద చెయ్యి వేసి, ఈయన నాకు పరాయోడు గాదండి, ఆడు నన్ను ఒగ్గేసినకాడ్నుంచి నాకు తమ్ముడంటే ఈయనే, అన్నాడు, అన్నప్పుడు కూర్మయ్య తల తిప్పాడు, నన్ను చూడలేదు, నా భుజం మీదున్న అన్న చేతిని చూశాడు, ఒక్క క్షణం, చూసి తల దించేసుకున్నాడు, నాకు ఆ చెయ్యి బరువు అప్పుడు తెలిసింది, ఉద్యోగం కోసం దాచాననుకున్నాను, కాయితం కోసం అనుకున్నాను, కాదు, ఎవరో ఏదో అంటారని కూడా కాదు, ఈ చెయ్యి తీసేస్తాడని, ఫోను చేసి బాగున్నారా బాబూ అని అడగడం మానేస్తాడని, ఏటా మా ఇంటికి నూనెకని నువ్వులు పంపడం మానేస్తాడని, నేను అంత పిసినారిగా దాచుకున్నది ఈ మనిషి నా మీద పెట్టుకున్న ప్రేమని, అది నాది కాదు, ఎన్నడూ కాదు, తమ్ముడికి పోవాల్సిందంతా దారి తప్పి నాలోకి దిగింది, నేను కూర్చున్న ఈ మూరెడు అరుగు కూర్మయ్యది, వాళ్ళిద్దరూ చిన్నప్పట్నుంచి ఇలాగే మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని ఉంటారు, సెప్పండి బాబూ, మా నుయ్యిని ఎవరి బోరు తాగేసినాదో సెప్పండి, అంటున్నాడు అప్పలసూరి, భుజం మీది చేతిని మెల్లిగా తీసి అతని ఒళ్ళో పెట్టాను, లేచి అరుగు దిగాను, కూర్మయ్య పక్కకి వెళ్ళి నిలబడి, నా బోరు, అన్నాను.